గ్రాహమ్ గ్రీన్: ఉదయం థ్రిల్లర్, మధ్యాహ్నం నవల

రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహమ్ గ్రీన్ లండన్‌లోని మెక్లెన్‌బర్గ్ స్క్వేర్‌లో రాసుకోవడానికి ఒక గది అద్దెకు తీసుకున్నారు. పొద్దున్నే బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మాత్ర వేసుకుని రోజుకు రెండు వేల పదాల చొప్పున ఒక గూఢచారి కథను పరుగెత్తించేవారు. మధ్యాహ్నం మరో రాతప్రతి ముందేసుకుని, మెక్సికోలో తాను చూసివచ్చిన లోకం గురించి నెమ్మదిగా, కూడబలుక్కున్నట్టు రాసేవారు. పొద్దుటి పుస్తకం ఆరు వారాల్లో పూర్తయి 1939లో 'ద కాన్ఫిడెన్షియల్ ఏజెంట్' పేరుతో వెలువడింది. మధ్యాహ్నపు పుస్తకం 1940లో వచ్చిన 'ద పవర్ అండ్ ద గ్లోరీ'. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో మంచివి ఏరమంటే దాన్ని పక్కన పెట్టేవారు తక్కువ.

తన పుస్తకాల జాబితాను గ్రీన్ తానే రెండుగా విడగొట్టారు. కొన్నింటికి 'నవలలు' అని, మిగిలినవాటికి 'ఎంటర్‌టైన్‌మెంట్స్' అని పేరు పెట్టారు. రచయితే స్వయంగా గీత గీసి ఇచ్చాక విమర్శకులకు అంతకన్నా సుఖం ఏముంటుంది? బరువైనవి ఇటు, కాలక్షేపానివి అటు అని చాలాకాలం సర్దుకుపోయారు. మన వారపత్రికల లోకంలోనూ సీరియల్ రచయితకు ఒక పంక్తి, 'సాహిత్యకారుడి'కి వేరే పంక్తి వేసే అలవాటు ఉంది కాబట్టి ఈ విభజన తెలుగు పాఠకుడికి వింతగా తోచదు. కానీ గ్రీన్ ఎలా పని చేశారో దగ్గరగా చూస్తే ఆ గీత నాణ్యతను కొలిచి గీసినది కాదని తెలుస్తుంది. దాని వెనక డబ్బు అవసరం ఉంది, ఒకసారి తిన్న దెబ్బ తాలూకు భయం ఉంది, రాసే వేగంలో తేడా ఉంది. ఇక గీత దాటి సరుకు అటూ ఇటూ రవాణా అవుతూనే ఉండేది.

ఆ దెబ్బ సంగతి ముందు చూడాలి. 1904లో పుట్టిన గ్రీన్ ఆక్స్‌ఫర్డ్ చదువు అయ్యాక 'ద టైమ్స్' పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరారు. 1929లో మొదటి నవల 'ద మ్యాన్ వితిన్' బాగా అమ్ముడుపోయింది. ప్రచురణకర్తలు మూడేళ్లపాటు ఏడాదికి 600 పౌన్లు ఇస్తామనేసరికి ఉద్యోగం మానేశారు. తర్వాత వచ్చిన రెండు నవలలూ బోర్లాపడ్డాయి. 'ద నేమ్ ఆఫ్ యాక్షన్', 'రూమర్ ఎట్ నైట్‌ఫాల్' అనే ఆ రెండింటినీ ఆయన బతికుండగా మళ్లీ అచ్చు వేయనివ్వలేదు. ఉద్యోగం పోయింది, పెళ్లయింది, పుస్తకాలు కదలడం లేదు. అప్పుడు జనానికి నచ్చాలని, వీలైతే సినిమావాళ్లు కొనాలని లెక్కేసుకుని మరీ రాసిన పుస్తకం 1932లో వచ్చిన 'స్టాంబూల్ ట్రెయిన్'. ఇస్తాంబుల్ దాకా టిక్కెట్టు కొనే స్తోమత లేక ఆయన ఆ రైల్లో జర్మనీలోని కొలోన్ వరకే వెళ్లారు. దారి పొడవునా కిటికీలోంచి కనబడినవన్నీ రాసుకున్నారు. మిగతా దారిని ఇంట్లో కూర్చుని, రైలింజన్ మీద స్వరకర్త ఒనెగర్ కట్టిన 'పసిఫిక్ 231' గ్రామఫోన్ రికార్డు వింటూ ఊహించుకున్నారు. పుస్తకం బయటికి రాబోతుండగా అందులోని ఒక రచయిత పాత్ర తనదేనని నవలాకారుడు జె.బి. ప్రీస్ట్లీ పరువునష్టం దావా వేస్తానన్నారు. అచ్చయిన ప్రతుల్లో కొన్ని పేజీలు తీసి కొత్తవి కుట్టాల్సి వచ్చింది. ఇన్ని అవాంతరాల మధ్య పుస్తకం నిలబడింది, సినిమావాళ్లూ కొన్నారు.

పొట్టకూటి కోసం పట్టిన పని ఆయనకు చేతిపని నేర్పింది. విఫలమైన రెండు నవలల మీద ఆయనే చేసిన ఫిర్యాదు వాటిలో ఉపమానాలు ఎక్కువ, కదలిక తక్కువ అని. థ్రిల్లర్‌లో ఆ విలాసానికి చోటు లేదు. మనిషి గదిలోకి రావాలి, ఏదో చేయాలి, బయటికి పోవాలి. దీనికి తోడు 1935 నుంచి 1940 దాకా 'ద స్పెక్టేటర్' పత్రికకు సినిమా సమీక్షలు రాశారు. ఆ నాలుగైదేళ్లలో నాలుగు వందలకు పైగా సినిమాలు చూశారు. దూరం నుంచి మొత్తం దృశ్యం చూపి, ఒక్కసారిగా ఒక చేతి మీదికో చెమట పట్టిన నుదుటి మీదికో దిగడం అనే పద్ధతి ఆయన వాక్యాల్లోకి అక్కడి నుంచే వచ్చింది.

1938 నాటి 'బ్రైటన్ రాక్'లో ఈ రెండు దారులూ ఒకే పుస్తకంలో కలుసుకున్నాయి. అది డిటెక్టివ్ కథగా మొదలైంది. ఇంగ్లండ్ సముద్రతీర పట్టణం బ్రైటన్‌లో అడుగుపెట్టిన మూడు గంటల్లోనే తనను చంపబోతున్నారని హేల్ అనే మనిషికి తెలిసిపోతుంది. మొదటి వాక్యంలోనే ఆ సంగతి పాఠకుడి చేతిలో పెట్టేస్తారు. ఆ డిటెక్టివ్ కథలో చివరికి మిగిలింది మొదటి యాభై పేజీలేనని గ్రీన్ తర్వాత రాశారు. మిగతా పుస్తకం పదిహేడేళ్ల ముఠా నాయకుడు పింకీ ఆత్మ గురించి. నరకం ఉందని గట్టిగా నమ్మి, స్వర్గం సంగతి అంతగా తెలియని కుర్రాడు వాడు. ఇక్కడ గమనించాల్సింది ఐడా పాత్ర. హంతకుణ్ని వెంటాడే బాధ్యత ఆమెది, అంటే డిటెక్టివ్ కథలో కథానాయకురాలు కావలసిన మనిషి. తప్పు, ఒప్పు ఆమెకు స్పష్టంగా తెలుసు, నేరగాడికి శిక్ష పడాలి, అంతే. కానీ పింకీ, అతణ్ని ప్రేమించిన రోజ్ నమ్మే పాపపుణ్యాల ముందు ఐడా న్యాయం పలచగా, కాస్త మొరటుగా కనిపిస్తుంది. డిటెక్టివ్ కథ పాఠకుడికి ఇచ్చే తృప్తినే ఈ నవల అనుమానిస్తుంది. ఆ కథను లోపలి నుంచి ఎరిగినవాడికే అలా అనుమానించడం సాధ్యం.

అదే ఏడాది ఆయన మెక్సికో వెళ్లారు. టబాస్కో రాష్ట్రంలో గవర్నర్ తొమాస్ గర్రిదో కనబాల్ హయాంలో చర్చిలు కూలగొట్టారు, ప్రీస్టులను తరిమేశారు లేదా బలవంతాన పెళ్లి చేసుకోమన్నారు. దాని ఫలితాలు చూసి రాయడం ఆయన పని. ఆయన అక్కడ ఉండగానే ఇంటి దగ్గర మరో పరువునష్టం కేసు తేలింది. బాలనటి షిర్లీ టెంపుల్ సినిమా మీద 'నైట్ అండ్ డే' పత్రికలో రాసిన సమీక్షకు 3,500 పౌన్లు కట్టాలని తీర్పు వచ్చింది. అందులో 500 గ్రీన్ వాటా. మెక్సికోలో విన్న ఒక చిన్న ముచ్చట మాత్రం ఆయనను వదల్లేదు. ఒక ప్రీస్టు తాగిన మత్తులో మగపిల్లవాడికి బ్రిజిట్టా అని ఆడపేరు పెట్టి బాప్తిస్మం ఇచ్చాడట.

ఆ తాగుబోతు ప్రీస్టే మధ్యాహ్నపు పుస్తకానికి నాయకుడు. పొద్దుటి పుస్తకం పక్కన పెట్టి చదివితే ఒక సంగతి తడుతుంది. గూఢచారి కథలో నాయకుడి పేరు 'డి' మాత్రమే, పూర్తి పేరు ఎక్కడా రాదు. ప్రీస్టుకు ఆ అక్షరం కూడా లేదు, చివరి దాకా అనామకుడే. ఇద్దరూ కాస్త వయసు మళ్లినవాళ్లు, తమ మీద తమకు నమ్మకం సన్నగిల్లినవాళ్లు. ఇద్దరినీ ఎవరో తరుముతుంటారు, ఇద్దరికీ అప్పగించిన పని ఉంటుంది, దాన్ని వదిలేసి పారిపోయే అవకాశమూ దొరుకుతుంది. పోలీస్ స్టేషన్ గోడ మీద ప్రీస్టు పాత ఫొటో, ఒక అమెరికన్ బందిపోటు ఫొటో పక్కపక్కనే అంటించి ఉంటాయి. థ్రిల్లర్ సామగ్రి అది. గ్రీన్ చేసిందల్లా పొద్దున ఆరు వారాల్లో పరుగెత్తించిన తరుములాటను మధ్యాహ్నం మెల్లగా నడిపించడం. అలా నడిపిస్తే పారిపోయేవాడు ప్రతి ఊళ్లో ఆగాల్సి వస్తుంది, ఆగిన ప్రతిచోటా తన వల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో చూడాల్సి వస్తుంది.

ఈ జోడు సేద్యానికి ఖరీదు కూడా ఉంది. సాయంత్రానికి చేతులు వణికేవి, ఇంట్లో చిరాకు పెరిగేది. తమ కాపురం చెదరడానికి యుద్ధం తెచ్చిన ఎడబాటు కన్నా, తన అక్రమ సంబంధాల కన్నా ఆ బెంజెడ్రిన్ వారాలే ఎక్కువ కారణమని ఆయన తర్వాత రాసుకున్నారు. సంబంధాలు తక్కువేమీ కావు కాబట్టి ఆ మాటను యథాతథంగా ఒప్పుకోనక్కర్లేదు.

తరుముతున్నారన్న భావన ఆయనకు ఎక్కడిదంటే, జవాబు బర్క్‌హామ్‌స్టెడ్ బడిలో దొరుకుతుంది. తండ్రి అక్కడే ప్రధానోపాధ్యాయుడు. ఇంటికీ బడికీ మధ్య ఆకుపచ్చ బట్ట తొడిగిన ఒక తలుపు ఉండేది. తలుపుకు ఇటు కొడుకు, అటు శత్రువర్గం గూఢచారి. తోటి పిల్లల పక్షాన ఉంటే తండ్రికి ద్రోహం, తండ్రి పక్షాన ఉంటే స్నేహితులకు ద్రోహం. వేధింపులు భరించలేక కుర్రవాడు ఇల్లు వదిలి పారిపోయాడు. పెద్దలు కంగారుపడి లండన్‌లో ఒక మానసిక విశ్లేషకుడి ఇంట్లో ఆరు నెలలు ఉంచారు. రోజూ వచ్చిన కలను చెప్పడం అక్కడి చికిత్స. కలలు రాసిపెట్టుకునే అలవాటు ముసలితనం దాకా పోలేదు. వాటిలోంచి ఏరిన పుస్తకం ఒకటి ఆయన పోయాక 1992లో వచ్చింది కూడా.

రోజువారీ పద్ధతిలోనూ ఈ కలల అలవాటు పనిచేసింది. బెంజెడ్రిన్ రోజులు మినహాయిస్తే ఆయన కోటా రోజుకు 500 పదాలు, వయసు పైబడ్డాక ఇంకా తక్కువ. తర్వాతి కాలంలో పెద్ద ప్రచురణ సంపాదకుడైన మైఖేల్ కోర్డా, పదహారేళ్ల వయసులో తన పెదనాన్న, నిర్మాత అలెగ్జాండర్ కోర్డా నౌక మీద గ్రీన్ రాస్తుండగా చూశారు. పొద్దున్నే డెక్ మీద కూర్చుని, చిన్న నల్ల తోలు నోటుబుక్కులో నల్ల పెన్నుతో పొందికైన చిన్న అక్షరాలు పేర్చడం, పదాలు లెక్కపెట్టుకోవడం, 500 రాగానే వాక్యం మధ్యలో ఉన్నా సరే మూత పెట్టేయడం. ఆ తర్వాత ఫలహారం. ఇదంతా గుమాస్తా పద్ధతిలా అనిపించవచ్చు. 1951 నాటి 'ద ఎండ్ ఆఫ్ ద అఫేర్'లో బెండ్రిక్స్ అనే నవలా రచయిత కూడా ఇలాగే రాస్తాడు. ఆనాటి కోటా పూర్తికాగానే ఆపి, రాత్రి పడుకోబోయే ముందు దాన్ని ఓసారి చదివి, మిగతా పని నిద్రకు అప్పగిస్తాడు. అసలు రచన మనిషికి తెలియని అడుగు పొరల్లో జరుగుతుందని, తెల్లవారి చేసేది దాన్ని గుర్తు తెచ్చుకోవడమేనని బెండ్రిక్స్ నమ్మకం. సగంలో ఆపిన వాక్యం ఉపయోగం అదే, రాత్రంతా నలగడానికి మనసుకు ఏదో ఒకటి మిగులుతుంది. రోజుకు రెండు గంటలకు మించని ఈ పని గూఢచారి కథకైనా, ప్రేమకథకైనా, నాటకానికైనా ఒకటే. ఒక ప్రక్రియ నుంచి మరో ప్రక్రియలోకి మారినప్పుడల్లా ఆయన కొత్త మనిషి కావాల్సిన అవసరం లేకపోయింది.

సినిమాకు రాసేటప్పుడు కూడా ఆయన నవలాకారుడి పద్ధతిని వదల్లేదు. యుద్ధం ముగిశాక మిత్రదేశాల సైన్యాల ఆక్రమణలో ఉన్న వియన్నా మీద ఒక కథ కావాలని అలెగ్జాండర్ కోర్డా అడిగినప్పుడు గ్రీన్ దగ్గర ఉన్నది ఎప్పుడో ఒక కవరు మీద రాసుకున్న ఒకే ఒక్క వాక్యం: వారం కిందట పాతిపెట్టిన స్నేహితుడు లండన్ వీధిలో జనం మధ్య నడిచిపోతుండగా చూసిన మనిషి మాట. వియన్నాకు వెళ్లాక అక్కడి బ్రిటిష్ గూఢచారి అధికారి ఒకరు మాటల్లో పెన్సిలిన్ దొంగ వ్యాపారం గురించి, నేల కింది మురుగు కాలువల గురించి చెప్పారు. అంతటితో కథ నిలబడింది. నేరుగా స్క్రీన్‌ప్లే రాయడం తన వల్ల కాదని, ముందు కథగా రాయాల్సిందేనని గ్రీన్ పట్టుబట్టారు. వాతావరణం, మనుషుల తీరు స్క్రీన్‌ప్లే పొడి పొడి భాషలో పుట్టవని ఆయన వాదన. 'ద థర్డ్ మ్యాన్' 1949లో విడుదలై కాన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి అందుకుంది. కథలో నాయికానాయకులు చివర కలిసి నడుస్తారు. దర్శకుడు కరోల్ రీడ్ మాత్రం ఆమె అతని వైపు చూడకుండా దాటిపోవాలన్నారు. అంతసేపు ఆమె నడుస్తుంటే ప్రేక్షకులు లేచిపోతారని గ్రీన్ భయపడ్డారు. రీడ్ మాటే సరైనదని ఆ తర్వాత ఒప్పుకున్నారు. వినోద రచనకు సుఖాంతం ఉండాలన్న లెక్క ఆయన బుర్రలో ఉంటే, సినిమా ఆ లెక్కను కొట్టేసింది.

ఆయన స్వభావం గురించి మాట్లాడినవాళ్లంతా ఎత్తిచూపే ఘట్టం ఒకటి ఉంది. యువకుడిగా అపెండిసైటిస్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అదే వార్డులో కాలు విరిగి చేరిన పదేళ్ల పిల్లవాడు చనిపోయాడు. తల్లి రోదన వినలేక మిగతా రోగులు రేడియో హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నారు. గ్రీన్ తగిలించుకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని విన్నారు. రచయిత గుండెలో ఒక మంచు పలుకు ఉంటుందని 1971లో ఆత్మకథలో రాసింది ఈ సందర్భంలోనే. ఆయన గొప్పతనంగా దీన్ని చెప్పుకునేవాళ్లు ఉన్నారు గానీ, అది గొప్పలకు పోయి రాసిన మాటలా లేదు. నేరం ఒప్పుకుంటున్న గొంతే వినిపిస్తుంది.

ఆ చెవే వియత్నాంలో పనిచేసింది. 1951 నుంచి కొన్నేళ్లు చలికాలాల్లో పత్రికల తరఫున ఇండోచైనా వెళ్లి యుద్ధం చూశారు. అక్కడి ఫాత్ దియెమ్ పట్టణంలో శవాలతో నిండిన కాలువ దృశ్యం 1955 నాటి 'ద క్వయిట్ అమెరికన్'లోకి దాదాపు రిపోర్టుగానే ప్రవేశించింది. ఈ పుస్తకాన్ని ఆయన నవలల వైపే పెట్టారు. నిర్మాణం చూస్తే మాత్రం హత్య కేసు దర్యాప్తు. మొదట్లోనే పైల్ అనే అమెరికన్ చనిపోయాడని తెలుస్తుంది, పోలీసు అధికారి వీగో ప్రశ్నలు వేస్తుంటాడు, కథ చెప్పే విలేకరి ఫౌలర్ ఏదో దాస్తుంటాడు. ఎవరు చంపారన్న ప్రశ్న చివరికి వచ్చేసరికి, ఏ పక్షమూ తనది కాదనే మనిషి ఎలా ఒక పక్షం వహిస్తాడన్న ప్రశ్నగా మారుతుంది. అమెరికా సైన్యం వియత్నాంలో పెద్దఎత్తున దిగడానికి పదేళ్ల ముందు పుస్తకమిది.

'ఎంటర్‌టైన్‌మెంట్స్' గడిలో పెట్టిన 'అవర్ మ్యాన్ ఇన్ హవానా' 1958లో వచ్చింది. దాని మూలం ఆఫీసు పనిలో ఉంది. యుద్ధకాలంలో గ్రీన్ బ్రిటిష్ గూఢచారి సంస్థలో చేరి సియెరా లియోన్‌లో, ఆ తర్వాత లండన్‌లో, సోవియట్ గూఢచారి అని తర్వాత బయటపడ్డ కిమ్ ఫిల్బీ కింద పోర్చుగల్ వ్యవహారాలు చూశారు. లేని ఏజెంట్ల పేరిట కల్పించిన నివేదికలు పంపి జీతాలు దండుకుంటున్న జర్మన్ గూఢచారుల సంగతి అక్కడే తెలిసింది. నవలలో హవానాలోని వాక్యూమ్ క్లీనర్ల వ్యాపారి వోర్మోల్డ్, క్లీనర్ విడిభాగాల బొమ్మలను పెద్దవిగా గీసి రహస్య ఆయుధ కేంద్రాల నక్షాలని లండన్‌కు పంపిస్తాడు. కల్పించిన ఏజెంట్ పేరున్న అసలు మనిషి ఒకడు నిజంగానే చచ్చిపోయేసరికి నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. కథలు అల్లి జీతం తీసుకునేవాడి బాధ్యత ఏపాటిదన్న ప్రశ్న నవలాకారుడు తనకు తాను వేసుకున్నదే. దీన్ని తేలిక పుస్తకమనడానికి మొండితనం కావాలి.

ఆ తర్వాత ఏ పుస్తకం మీదా ఆయన ఆ లేబుల్ వేయలేదు. అన్నీ సమానంగా కుదిరాయని కాదు. 1955 నాటి 'లూజర్ టేక్స్ ఆల్' నిజంగానే పలచన, నాటకాల్లో సంభాషణల కన్నా వాదనలు ఎక్కువ. పిల్లల కోసం రాసిన నాలుగు పుస్తకాలు వేరే లెక్క. కానీ తేడా ఉన్నచోట అది ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ మధ్య ఉంది, అరల మధ్య కాదు.

ఇతరుల రచన విషయంలోనూ ఆయన చూపు ఇదే. 1930లలో మైసూరు నుంచి ఆర్.కె. నారాయణ్ పంపిన రాతప్రతిని లండన్ ప్రచురణకర్తలు వరసగా తిప్పికొట్టారు. దానికి రాయి కట్టి థేమ్స్‌లో పడేయమని నారాయణ్ ఆక్స్‌ఫర్డ్‌లోని మిత్రుడు పూర్ణకు రాశారు. పూర్ణ దాన్ని గ్రీన్‌కు ఇచ్చారు. 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' అచ్చయింది, ఆ పేరు పెట్టింది గ్రీనే. హత్యలు, గూఢచారులు, పాపభీతి రాసే మనిషికి మాల్గుడి బడిపిల్లల అల్లరి అంతగా నచ్చడం పైకి వింతగా తోస్తుంది. ఇద్దరూ 1956 దాకా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. తర్వాత 'ద గైడ్' రాస్తూ, చివర కథానాయకుడు రాజును బతికించాలా చంపాలా అని నారాయణ్ ఊగిసలాడితే, చచ్చిపోవాల్సిందేనని గ్రీన్ గట్టిగా చెప్పారు. పుట్టకముందే మరణశిక్ష పడిన మనిషి జీవితం తన చేతిలో ఉందని నారాయణ్ తన అమెరికా డైరీలో చమత్కరించారు. అచ్చయిన నవలలో రాజు నీళ్లలో నిలబడి కాళ్లు తడబడి ఒరిగిపోతాడు. చచ్చాడో లేదో నారాయణ్ తేల్చి చెప్పలేదు. సలహా తీసుకున్నట్టే ఉంది, తీసుకోనట్టూ ఉంది.

చివరి దశలో గ్రీన్ మళ్లీ గూఢచారి కథకే వచ్చారు. తుపాకులు, తరుములాటలు లేకుండా, సాయంత్రం రైల్లో ఇంటికి వెళ్లి, కొడుకును నిద్రపుచ్చే సాదాసీదా ఉద్యోగిగా ఒక గూఢచారిని చూపాలని ఆయన కోరిక. 1960లలో మొదలుపెట్టి, నాటి పైఅధికారి ఫిల్బీ మాస్కోకు పారిపోయిన ఉదంతం మీద రాసినట్టు అనుకుంటారని పక్కన పడేశారు. 1978లో ఆ పుస్తకం 'ద హ్యూమన్ ఫ్యాక్టర్'గా వచ్చింది. దక్షిణాఫ్రికా నుంచి తన నల్లజాతి భార్యను తప్పించిన కమ్యూనిస్టుల రుణం తీర్చుకోవడానికి దేశానికి ద్రోహం చేసిన క్యాసిల్, చివరికి మాస్కోలో ఒక బోసి ఫ్లాట్‌లో మిగులుతాడు. గ్రీన్ దీన్ని ఫిల్బీకి పంపించారు. క్యాసిల్ ఇంటిని మరీ వెలవెలబోయేలా చూపారని, తనకు మాత్రం అన్నీ అమర్చి ఇచ్చారని, బూట్లు తొడుక్కునే షూహార్న్‌తో సహా దొరికాయని ఫిల్బీ జవాబు రాశారు. ఫిల్బీ అంతటి ఏజెంటుకు జరిగిన మర్యాద క్యాసిల్ లాంటి చిన్న ఉద్యోగికి జరుగుతుందా అన్నది గ్రీన్ సమాధానం. ఫ్లాట్ అలాగే ఉండిపోయింది.